పెద్ద అంకెలకు పడిపోవద్దు: దూరపు గురికి స్కోపు

రైఫిల్‌తో 300 మీటర్లు దాటి టార్గెట్ షూటింగ్ మొదలుపెట్టాలనుకునే పాఠకులు స్కోపుల గురించి పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. అందరిదీ దాదాపు ఒకటే ఇబ్బంది, డబ్బు తక్కువ.

ప్రశ్న: 4-16×44 స్కోపు కంటే 6-24×50 చవగ్గా దొరుకుతోంది. 24 రెట్లు చూపించేదాన్ని వదిలేసి 16 కొనడం తెలివైన పనేనా?

తెలివైన పనే. 4-16×44 అంటే 4 నుంచి 16 రెట్లు పెద్దగా చూపే, ముందు లెన్సు వ్యాసం 44 మి.మీ. ఉన్న స్కోపు. పెద్ద అంకెలు వేసి ధర తగ్గించారంటే లెన్సుల్లోనో లోపలి మరల్లోనో కోత పెట్టే ఉంటారు. అలాంటి స్కోపుల్లో 18 రెట్లు దాటాక బొమ్మ పెద్దదవుతుంది గానీ కొత్త వివరమేమీ కనిపించదు.

ముందు లెన్సు వ్యాసాన్ని మాగ్నిఫికేషన్‌తో భాగిస్తే కంటికి అందే కాంతిపుంజం వెడల్పు వస్తుంది. 50ని 24తో భాగిస్తే సుమారు 2 మి.మీ. పగటి వెలుగులో సరిపోతుంది కానీ తల కాస్త కదిలితే చాలు, బొమ్మ అంచున నల్లటి నీడ పడుతుంది. సాయంత్రం కంటిపాప విచ్చుకున్నాక బొమ్మ మసకబారుతుంది. అదే 44ని 10తో భాగిస్తే 4.4 మి.మీ. దీనికి తోడు, ఎండకు నేల మీంచి లేచే వేడిగాలి 20 రెట్లలో టార్గెట్‌ను నీళ్లలో ఉన్నట్టు ఆడిస్తుంది. అనుభవమున్న షూటర్లు అప్పుడు 12కో 10కో దింపేస్తారు.

అమెరికా సైన్యం ఎం24 స్నైపర్ రైఫిల్‌ను 10 రెట్ల స్థిర మాగ్నిఫికేషన్ ఉన్న ల్యూపోల్డ్ స్కోపుతోనే వాడింది. 10 రెట్లలో చూస్తే 800 మీటర్ల దూరంలోని టార్గెట్ ఉత్త కంటికి 80 మీటర్లలో ఉన్నట్టుంటుంది. బెంచ్ మీద రైఫిల్ ఆనించి సన్నటి వలయాల మీద పాయింట్ల కోసం పోటీపడేవారి సంగతి వేరు, వాళ్లకు ఎక్కువ రెట్లు నిజంగానే కావాలి. జూమ్ లేని 10 రెట్ల స్కోపులో కదిలే భాగాలు తక్కువ కాబట్టి అదే డబ్బుకు గట్టి మర వస్తుంది. చేతిలో డబ్బు మరీ తక్కువైతే మొదట చూడాల్సింది దాన్నే.

ప్రశ్న: ఉన్న డబ్బులో దేనికి ప్రాధాన్యమివ్వాలి? గాజుకా, టరెట్లకా?

దూరపు గురికైతే టరెట్లకే, అంటే గురిని పైకీ పక్కకీ జరపడానికి స్కోపు మీద తిప్పే నాబ్‌లకే. గాజు కాస్త మసకగా ఉన్నా టార్గెట్ కనిపిస్తుంది. టరెట్ అబద్ధమాడితే తూటా ఎక్కడికి పోతుందో చెప్పలేం. తిప్పినంతే కదలాలి, వెనక్కి తిప్పితే మొదటి చోటికే రావాలి. దూరాన్ని బట్టి పారలాక్స్ (తల కదిలితే గురి గీతలు టార్గెట్ మీద జారినట్టు కనిపించడం) సరిచేసే పక్క నాబ్, జీరో (ఎంచుకున్న దూరంలో గురిపెట్టిన చోటే తూటా పడే టరెట్ స్థానం) దగ్గర టరెట్‌ను ఆపే జీరో స్టాప్ ఆ తర్వాత చూడాలి. ఈడీ (రంగులు తక్కువ చెదిరే) గాజు ఉంటే నల్లటి వస్తువుల అంచున ఊదారంగు గీత తగ్గుతుంది. మంచిదే, కానీ దానికోసం టరెట్ల దగ్గర రాజీ పడొద్దు. రెటికిల్ (స్కోపులో కనిపించే గురి గీతలు) వెలిగే బల్బు గురించి చివర్లో ఆలోచించవచ్చు.

జీరో స్టాప్ లేకపోతే ఒక ఉపాయముంది. జీరో చేశాక ఎత్తు టరెట్‌ను పూర్తిగా కిందికి ఆగేదాకా తిప్పుతూ క్లిక్కులు లెక్కపెట్టి రాసుకోండి. పోటీ మధ్యలో ఎన్నో చుట్టులో ఉన్నారో మరిచిపోయినా, అడుగుకు దించి అన్నే క్లిక్కులు పైకి వస్తే జీరో దొరుకుతుంది.

ప్రశ్న: ఎంఓఏనా, మిల్ రాడియనా?

రెండూ కోణపు కొలతలే: ఎంఓఏ అంటే డిగ్రీలో 60వ వంతు, మిల్ రాడియన్ (మిల్) అంటే రాడియన్‌లో వెయ్యో వంతు. ఏదైనా ఒకటే, మీతో పాటు షూట్ చేసేవారు వాడేది తీసుకోండి. 0.1 మిల్ క్లిక్కు 100 మీటర్ల దగ్గర 1 సెం.మీ. కదుపుతుంది. పావు ఎంఓఏ క్లిక్కు సుమారు 7.3 మి.మీ. కదుపుతుంది. చూడాల్సిందల్లా రెటికిల్, టరెట్ రెండూ ఒకే కొలతలో ఉన్నాయా అన్నది. మిల్-డాట్ రెటికిల్ పెట్టి పావు ఎంఓఏ టరెట్లు బిగించిన చవక స్కోపులు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. గీతల్లో కొలిచిన ప్రతి తేడానూ 3.44తో గుణించి టరెట్ తిప్పాల్సి వస్తుంది. వాటి జోలికి పోవద్దు.

ప్రశ్న: ఫస్ట్ ఫోకల్ ప్లేన్ స్కోపుకు అదనంగా డబ్బు పెట్టాలా?

రెటికిల్ గీతలతో దూరం, గాలి అంచనా వేస్తూ మాగ్నిఫికేషన్ మారుస్తుంటారా? అయితే పెట్టండి. అందులో జూమ్‌తో పాటే రెటికిల్ కూడా పెరిగి తగ్గుతుంది కాబట్టి ఏ జూమ్ దగ్గరైనా గీతల విలువ మారదు. రెటికిల్ సైజు మారని సెకండ్ ఫోకల్ ప్లేన్‌లో ఆ విలువ ఒక్క మాగ్నిఫికేషన్ దగ్గరే, సాధారణంగా గరిష్ఠం దగ్గరే, సరిపోతుంది. 16 దగ్గర 1 మిల్ ఉన్న గీత 8కి దింపితే 2 మిల్ అవుతుంది. ఇది తెలియక గాలి సవరణ రెట్టింపు వేసి, తప్పు రైఫిల్ మీద తోసేవారు చాలామంది. తెలిసిన దూరాల్లో, ఒకే మాగ్నిఫికేషన్‌లో, టరెట్ తిప్పి కాల్చేవారికి సెకండ్ ఫోకల్ ప్లేన్ చాలు.

ప్రశ్న: నేను చూసిన స్కోపుకు ఎత్తు సర్దుబాటు 60 ఎంఓఏ అని రాశారు. .308 రైఫిల్‌తో 1000 గజాలకు సరిపోతుందా?

మామూలు బేస్ (స్కోపును రైఫిల్‌కు బిగించే పట్టా) మీద సరిపోదు. 60 అన్నది అడుగు నుంచి పైదాకా మొత్తం. చదునైన బేస్ మీద బిగిస్తే జీరో ఇంచుమించు మధ్యలో వస్తుంది కాబట్టి పైకి మిగిలేది 30 మాత్రమే. 175 గ్రెయిన్ల బరువున్న .308 తూటాకు 100 గజాల జీరో నుంచి 1000 గజాలకు సుమారు 36 నుంచి 40 ఎంఓఏ కావాలి.

అందుకే 20 ఎంఓఏ వాలు బేస్ వాడతారు. అది స్కోపు ముందు భాగాన్ని కాస్త కిందికి వంచుతుంది. పైకి 50 దొరుకుతుంది, కిందికి 10 మిగులుతుంది. అయితే మొత్తం సర్దుబాటు 40 ఎంఓఏనే ఉన్న స్కోపుకు ఇదే బేస్ వేస్తే కిందికి ఏమీ మిగలదు, 100 గజాల దగ్గర జీరోనే కుదరకపోవచ్చు. బేస్, స్కోపు రెండింటి అంకెలూ కాగితం మీద కూడి తీసివేశాకే కొనండి. ఇంకో సంగతి, లోపలి గొట్టం గుండ్రటి ట్యూబులో కదులుతుంది కాబట్టి ఎత్తు చివరిదాకా వెళ్లాక పక్కకు జరిగే చోటు కూడా తగ్గిపోతుంది.

30, 34 మి.మీ. ట్యూబుల లాభం ప్రధానంగా ఈ సర్దుబాటులోనే. లావు ట్యూబు ఎక్కువ వెలుగు తెస్తుందన్న మాట నమ్మకండి.

ప్రశ్న: కొత్త స్కోపు టరెట్లు సరిగా కదులుతున్నాయో లేదో ఎలా తెలుసుకోవాలి?

నిలువు టార్గెట్ పరీక్ష చేయండి. వాపసు గడువు ముగిసేలోపే చేయండి.

120 సెం.మీ.కు తగ్గని పొడవైన కాగితం తీసుకోండి. దారానికి బరువు కట్టి వేలాడదీసి, దాని వెంట నిలువు గీత గీయండి. అడుగున గురి చుక్క పెట్టండి. దూరం సరిగ్గా 100 మీటర్లు ఉండాలి, టేపుతో కొలవండి. లేజర్ ఒక్క మీటరు తప్పు చూపితే అక్కడే ఒక శాతం తేడా వచ్చి పరీక్ష పాడవుతుంది. అడుగు చుక్క మీద జీరోతో 5 తూటాలు కాల్చండి. టరెట్‌ను 10 మిల్ పైకి తిప్పి, అదే చుక్క మీద గురిపెట్టి మరో 5 కాల్చండి. రెండు గుంపుల మధ్యబిందువుల నడుమ దూరం 100 సెం.మీ. రావాలి. ఎంఓఏ స్కోపులో 30 తిప్పితే 87.3 సెం.మీ. రావాలి. మళ్లీ సున్నాకు తిప్పి కాల్చితే తూటాలు మొదటి గుంపులోనే పడాలి.

98 వచ్చిందనుకోండి. స్కోపు పారేయనక్కర్లేదు. ప్రతిసారీ అంతే తేడా వస్తే 1.02 అనే గుణకాన్ని తూటా పడే తీరు లెక్కగట్టే బాలిస్టిక్ యాప్‌లో వేసుకుంటే చాలు, 8 మిల్ కావాల్సిన చోట 8.2 తిప్పుతారు. అది వేసుకోకపోతే 1000 మీటర్ల దగ్గర 10 మిల్ సవరణలో 20 సెం.మీ. తేడా వస్తుంది. ఒకసారి 98, ఇంకోసారి 101 వచ్చే స్కోపును మాత్రం వెంటనే తిరిగి ఇచ్చేయండి. తిప్పాక మొదటి తూటా పాత చోటే పడి, రెండోది కదిలితే లోపలి స్ప్రింగు బలహీనమని అర్థం. అదీ తిరిగి ఇవ్వాల్సిందే.

పై గుంపు గీతకు పక్కగా పడిందా? 100 సెం.మీ. ఎత్తులో 1.75 సెం.మీ. పక్కకు జరిగితే 1 డిగ్రీ వాలు ఉన్నట్టు. స్కోపు వంకరగా బిగిసిందన్నమాట, లేదా రైఫిల్‌ను వాల్చి పట్టుకుంటున్నారు. టార్గెట్ దగ్గర 8 మీటర్ల ఎత్తు సవరణ అవసరమైన చోట ఆ ఒక్క డిగ్రీ తూటాను 14 సెం.మీ. పక్కకు నెడుతుంది. చిన్న రసమట్టం ట్యూబుకు బిగించుకుంటే ఈ బాధ పోతుంది.

ప్రశ్న: జీరో నిలవడం లేదు. స్కోపు చెడిపోయిందా?

ముందు మౌంట్ (స్కోపును పట్టే బేస్, రింగులు) చూడండి, ఎక్కువసార్లు తప్పు అక్కడే ఉంటుంది. రింగు, ట్యూబు కలిసే చోట పెయింట్ పెన్నుతో సన్న గీత గీసి 20 తూటాలు కాల్చండి. గీత విడిపోతే స్కోపు జారుతోంది.

విప్పి మళ్లీ బిగించేటప్పుడు బేస్ మరల నూనె శుభ్రంగా తుడవండి. రింగులను రెయిల్ గాడిలో ముందుకు నెట్టి పట్టుకుని బిగించండి. కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి వస్తుంది, స్కోపు ఉన్నచోటే ఉండాలని చూస్తుంది కాబట్టి దాని ఒత్తిడి ముందువైపుకే. రింగు పైమూత మరలను టార్క్ రెంచ్‌తో, తయారీదారు వేరే చెప్పకపోతే 1.7 నుంచి 2 న్యూటన్ మీటర్ల దాకా, ఎదురెదురుగా మార్చి మార్చి బిగించండి. రెండు వైపులా సందు సమానంగా ఉండాలి. బలమంతా పెట్టి బిగిస్తే ట్యూబు నొక్కుకుపోతుంది, పారలాక్స్ నాబ్ పట్టేస్తుంది, ఒక్కోసారి క్లిక్కులు కూడా తప్పుతాయి.

మౌంట్ సరిగా ఉన్నా గుంపులు తిరుగుతుంటే, నమ్మకమైన వేరే స్కోపు ఆ రైఫిల్ మీదే పెట్టి కాల్చి చూడండి. అదీ తిరిగితే తప్పు స్కోపుది కాదు.

ప్రశ్న: పారలాక్స్ నాబ్ మీది అంకెలు నిజమైన దూరంతో కలవవు. లోపమా?

కాదు, అవి అంచనా గుర్తులే. ముందు ఖాళీ ఆకాశం వైపు చూస్తూ కంటి దగ్గర తిప్పే వలయాన్ని (డయాప్టర్) రెటికిల్ నల్లగా కనిపించేదాకా సరిచేసి, ఇక ముట్టుకోవద్దు. తర్వాత రైఫిల్ కదలకుండా ఆనించి, తల కొద్దిగా పైకీ కిందికీ ఆడించండి. రెటికిల్ టార్గెట్ మీద జారకుండా ఉండే చోటే సరైన చోటు.

ప్రశ్న: వాడిన స్కోపు కొనవచ్చా?

కొత్త చవక స్కోపు కంటే వాడిన మంచి స్కోపే మేలు, వారంటీ కొత్త యజమానికి కూడా వర్తించేదైతే. సీరియల్ నంబరు తయారీదారుకు పంపి నకిలీ కాదని రూఢి చేసుకోండి. పైన రింగు గీతలు ఉంటే పర్వాలేదు, ట్యూబు మీద గుంట ఉంటే వద్దు. లెన్సులో టార్చి వేసి లోపల పొగమంచు, బూజు ఉన్నాయేమో చూడండి. రెండు టరెట్లనూ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి, ఎక్కడైనా క్లిక్కు మెత్తబడితే బేరం ఆపేయండి.

ప్రశ్న: ఇదే స్కోపును స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ మీద కూడా పెట్టవచ్చా?

ఎయిర్‌గన్‌కు తట్టుకుంటుందని తయారీదారు రాసి ఉంటేనే. స్ప్రింగ్ రైఫిల్ ముందు వెనక్కి, పిస్టన్ ఆగగానే ముందుకు తంతుంది. వెనక్కి తన్నే దెబ్బకే కట్టిన స్కోపులో ఈ రెండో దెబ్బకు రెటికిల్ ఊడిపోవచ్చు. 10 మీటర్ల దగ్గర పారలాక్స్ కుదురుతుందో లేదో కూడా చూసుకోండి. పెద్ద రైఫిల్ స్కోపుల్లో చాలావాటికి అంత దగ్గర కుదరదు.