రైఫిల్ బారెల్‌కి కిరోసిన్ చాలా, సాల్వెంట్ కొనాలా?

గుణుపురం నుంచి అడిగినవారికి. మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: నాన్నగారి ఇషాపూర్ .315 రైఫిల్ లైసెన్స్‌తో సహా మీ పేరుకు మారింది. బారెల్‌లోకి చూస్తే నల్లగా, అక్కడక్కడా ఎర్రగా ఉంది. నాన్నగారు కిరోసిన్‌తో తుడిచేవారు. తెలిసినాయన ఒకరు డబ్ల్యూడీ-40 కొట్టేస్తే చాలన్నారు, ఇంకొకాయన అమ్మోనియా కలిసిన విదేశీ సాల్వెంట్ (మురికిని కరిగించే ద్రవం) తప్ప ఏదీ పనికిరాదన్నారు. ఎవరి మాట వినాలని మీ ప్రశ్న.

ముగ్గురూ మూడు వేరువేరు మురికుల గురించి మాట్లాడుతున్నారు, అందుకే పొంతన కుదరడం లేదు. నేను పోలీసు ఆయుధాగారంలో (దాన్నే కోత్ అంటారు) తుపాకులు చూసుకునే ఆర్మరర్‌గా పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు పర్లాకిమిడిలో ఉంటున్నాను. చుట్టుపక్కల లైసెన్స్ తుపాకులున్న రైతులు అడిగేదీ ఇదే: "ఏ సీసా మంచిది?" లోపల ఏం పేరుకుందో చూడకుండా సీసా పేరు చెప్పలేను.

ముందు తుపాకీ ఖాళీగా ఉందని మ్యాగజైన్ తీసి, తూటా కూర్చునే చాంబర్‌లోకి కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. తూటాలు ఇంకో గదిలో పెట్టండి. చాంబర్‌ను మూసే బోల్ట్ తీసేయండి. ఇప్పుడు ఒక వైపు నుంచి టార్చ్ వేసి మరో వైపు నుంచి చూడండి.

నల్లగా ఉన్నది మసి. తూటాలోని మందు కాలిన కార్బన్. చాంబర్ దాటగానే గట్టిగా పట్టి ఉంటుంది. ఎరుపు రెండు రకాలు, ఇక్కడే చాలామంది తికమకపడతారు. మెరుస్తూ, బారెల్ లోపలి మెలి గాడుల మధ్య గట్ల మీద చారలుగా ఉంటే అది రాగి, తూటా పైపొర ఒరుసుకుని అంటుకున్నది. మెరుపు లేకుండా మచ్చలుగా ఉండి, నూనె గుడ్డ లాగితే గుడ్డకు గోధుమరంగు అంటితే అది తుప్పు. రాగిని సాల్వెంట్ కరిగిస్తుంది. తుప్పును ఏ బోర్ సాల్వెంటూ వెనక్కి తిప్పలేదు, పైపైన వదిలించగలదు అంతే.

కంటికి కనపడనిది ఇంకొకటి ఉంది. మన ప్రాంతంలో బారెళ్లు పాడయ్యేది ఎక్కువగా దానివల్లే. అది ఉప్పు. పాతకాలం తూటాల క్యాప్‌లో (తూటా వెనక ఉండి మందును అంటించేది) పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలినప్పుడు అది పొటాషియం క్లోరైడ్‌గా మారి గాడుల్లో సన్నటి పొరలా మిగిలిపోతుంది. మన కూరలో ఉప్పుకు దగ్గరి చుట్టం. వానాకాలంలో ఉప్పు జాడీ చెమ్మగిల్లినట్టే ఈ పొర కూడా గాలిలో తేమను లాక్కుని, కింది ఉక్కును తినేస్తుంది. కిరోసిన్, పెట్రోల్, తుపాకీ నూనె ఏవీ ఉప్పును కరిగించవు. పైన నూనె పూసేసి "శుభ్రమైంది" అనుకుంటే, నూనె కింద ఉప్పు తన పని తాను చేసుకుపోతుంది. ఉప్పును కరిగించేది నీళ్లే.

పాత .303 రైఫిళ్లు రేంజ్ నుంచి రాగానే చాంబర్ వైపు గరాటు పెట్టి మరిగే నీళ్లు పోయడం బ్రిటిష్ కాలం నుంచి వచ్చిన పద్ధతి. వేడి నీళ్లకు రెండు లాభాలు: ఉప్పు త్వరగా కరుగుతుంది, వేడెక్కిన బారెల్ త్వరగా ఆరుతుంది. నాన్నగారి పెట్టెలో పాత తూటాలుండి, వాటినే వాడుతున్నట్టయితే ప్రతిసారీ ఉప్పు ఉందనే లెక్కలో కడగండి. ఒక లీటరు సరిపోతుంది. చెక్క కట్టుకూ బారెల్‌కూ మధ్యకు నీరు దిగకుండా జాగ్రత్త పడండి. గాజు తుడిచే స్ప్రేలో అమ్మోనియా ఉంటుంది కాబట్టి అది ఉప్పును "విరిచేస్తుంది" అని కొందరు చెబుతారు. ఆ స్ప్రేలో పనిచేసేది అందులోని నీరే. ఆ డబ్బు పెట్టే అవసరం లేదు.

డబ్ల్యూడీ-40కి అసలు చోటు ఇక్కడ. 1953లో అమెరికాలో నీటిని తోసేయడానికి తయారైన ద్రవం అది, పేరులోని మొదటి రెండక్షరాలకు అర్థం కూడా అదే. నీళ్లు పోశాక మూలల్లో మిగిలిన తడిని నెట్టడానికి బాగుంటుంది. పల్చటి మసిని కూడా కాస్త మెత్తబరుస్తుంది. కానీ నాలుగు నెలల వానకు అదొక్కటే రక్షణ అనుకుని బీరువాలో పెట్టకండి. ఆ పొర పల్చన, నిలవదు. దాని పైన మామూలు గన్ ఆయిల్ ఉండాల్సిందే. గన్ ఆయిల్ దొరక్కపోతే కుట్టు మిషను నూనె నయం. కొబ్బరి నూనె మాత్రం వద్దు. కొరాపుట్ వైపు చలికాలంలో అది గడ్డకట్టడం మీరే చూసి ఉంటారు. వంట నూనెలు కొన్నాళ్లకు జిగురవుతాయి.

ఇక నాన్నగారి కిరోసిన్. దాన్ని తీసిపారేయను. పాత నూనె, గ్రీజు, మెత్తటి మసి, ఇవి కిరోసిన్‌కు లొంగుతాయి. గట్టిపడ్డ కార్బన్‌కు చాలా సమయం పడుతుంది. రాగిని అది ముట్టుకోదు. ఆరిపోయాక ఉక్కు మీద కాపలా ఏదీ మిగలదు కాబట్టి కిరోసిన్ తర్వాత నూనె తప్పనిసరి. రేషన్ కిరోసిన్‌తో ఒక చిక్కుంది: అందులో నీలం రంగు కలుపుతారు. రాగి కరిగిందా లేదా అని చూసే గుర్తు కూడా నీలమే. కాబట్టి కిరోసిన్ పూర్తిగా తుడిచేశాకే రాగి సాల్వెంట్ వేయండి, లేకపోతే రెండు నీలాల మధ్య తేడా తెలియదు.

పెట్రోల్ మాత్రం వద్దే వద్దు. కిరోసిన్ ఆవిరి అంటుకోవాలంటే సుమారు 35 డిగ్రీలైనా దాటాలి, పెట్రోల్‌కు సున్నా కింద కూడా అంటుకునేంత ఆవిరి ఉంటుంది. రాయగడ మే నెల ఎండలో కిరోసిన్‌నే నమ్మడానికి లేదు, పెట్రోల్ సంగతి చెప్పేదేముంది. టాయిలెట్ కడిగే యాసిడ్, నిమ్మరసం, వెనిగర్ లాంటి పుల్లటివి ఏవీ బారెల్ దగ్గరకు రానివ్వకండి. తుప్పుతోపాటు బారెల్ నల్లరంగునూ తినేస్తాయి. వెనిగర్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి సీసం వదిలించే చిట్కా ఒకటి వీడియోల్లో తిరుగుతోంది. సీసం వదులుతుంది నిజమే, కానీ తయారయ్యేది లెడ్ ఎసిటేట్. నీళ్లలో కరిగే విషం. ఇంట్లో పిల్లలున్నవాళ్లు చేసే పని కాదు.

కొనదగ్గ సాల్వెంట్ల గురించి. మందు మసికి నా ఓటు హాపీస్ నంబర్ 9 రకానికే. 1903 నుంచి ఉన్న సరుకు. పొగలేని మందు కాలిన మసి మీద దానికి మంచి పట్టు. తడిపిన గుడ్డ లాగి, పది పదిహేను నిమిషాలు వదిలేసి, కంచు బ్రష్ తిప్పి, పొడి గుడ్డ లాగాలి. గుడ్డ నల్లగా వస్తున్నంతసేపూ ఇదే పని. ఓపిక లేనివాళ్లే ఇంకా ఘాటైన సీసా కోసం వెతుకుతారు. నానబెట్టే సమయం ఇస్తే సాధారణ సాల్వెంట్ కూడా పనిచేస్తుంది.

మసి మొత్తం పోయాకే రాగి వంతు. మసి పొర కింద రాగి, రాగి కింద మళ్లీ మసి ఉండొచ్చు. పైపొర తీయకుండా అమ్మోనియా వేస్తే అది రాగిని తాకదు. అమ్మోనియా సాల్వెంట్ వేశాక గుడ్డ నీలంగా వస్తే రాగి కరుగుతోందని అర్థం. కడ్డీకి గుడ్డ చుట్టే మొన ఇత్తడిదైతే మాత్రం ఆ నీలాన్ని నమ్మకండి. ఇత్తడిలోనూ రాగి ఉంది కదా, అదే కరిగి మిమ్మల్ని మోసం చేస్తుంది. ప్లాస్టిక్ మొన లేదా నికెల్ పూత ఉన్నది వాడండి. కంచు బ్రష్‌ను కూడా ఈ ద్రవంలో ముంచకండి, బ్రష్ కరిగిపోతుంది. సీసా మీద ఎన్ని నిమిషాలని ఉంటే అంతే. చాలావాటికి 15 నిమిషాలు దాటకూడదు. రాత్రంతా వదిలేయడం అసలు కుదరదు. వరండాలో, గాలి తగిలే చోట చేయండి. చెక్క వార్నిష్ మీద బొట్టు పడితే వెంటనే తుడవండి. పని అయ్యాక అమ్మోనియా మొత్తం పోయేలా మామూలు సాల్వెంట్ గుడ్డలు లాగి, తర్వాత నూనె పూయండి.

ఏడాదికి నాలుగు గుండ్లు పేల్చే రైతు రైఫిల్‌కి రాగి వదిలించే పని ప్రతిసారీ అక్కర్లేదు. గురి చెదురుతున్నప్పుడు చాలు.

గాడులు లేని పన్నెండు బోర్ గన్ అయితే రాగి ప్రశ్నే లేదు, అక్కడ సీసం, ప్లాస్టిక్ చారలు ఉంటాయి, బ్రష్‌తో సరి. కొండ ఊళ్లలో ఉండే మందు కూరే పాత తుపాకులకు సాల్వెంట్ కొనడం దండగ. వాటిలో వాడే నల్లటి తుపాకీ మందు మసి సబ్బు కలిపిన వేడి నీళ్లకు పోయినంత బాగా దేనికీ పోదు. దాని మీద పెట్రోలియం నూనె పోస్తే తారులా ముద్దకడుతుంది. కడిగి, పూర్తిగా ఆరాక నూనె పూస్తే సరి.

పద్ధతి గురించి రెండు మాటలు చెప్పకపోతే సాల్వెంట్ ఏదైనా వృథా. మీ రైఫిల్‌లో బోల్ట్ వెనక్కి వచ్చేస్తుంది కాబట్టి కడ్డీ చాంబర్ వైపు నుంచే పెట్టండి, మజిల్ (బారెల్ మూతి) అంచు దెబ్బతింటే గురి పోతుంది. బారెల్‌లోంచి గుడ్డను లాగే పుల్‌త్రూ తాడు వాడితే నేరుగా లాగాలి. పక్కకు ఒరిపిస్తే తాడు కూడా ఏళ్ల మీద మజిల్‌ను అరగదీస్తుంది. కోత్‌లో చిందీ (గుడ్డ ముక్క) కొలత శుభ్రానికి 4x2 అంగుళాలు, నూనె పూతకు 4x1.5 అంగుళాలు. నూనె గుడ్డ చిన్నదిగా ఉంటేనే నూనె పిండుకుపోకుండా గాడుల్లో మిగులుతుంది. మళ్లీ పేల్చే ముందు పొడి గుడ్డతో ఆ నూనె తీసేయడం మరవకండి.

ఎన్నికలప్పుడు తుపాకులను ఠాణాలో డిపాజిట్ చేసే సంగతి కూడా చెప్పాలి. 2024లో పోలింగ్ జూన్ 1 దాకా సాగింది, జూన్ 4న ఫలితాలు. తుపాకులు ఠాణాల నుంచి ఇంటికి వచ్చేసరికి వాన మొదలైంది. ఎండలో నూనె ఆరిపోయి, వానలో బయటికొచ్చిన బారెల్ అంటే తుప్పుకు పండగే. డిపాజిట్ చేసే ముందు కాస్త చిక్కటి నూనె పూసి ఇవ్వండి, తిరిగి రాగానే ఆ రోజే గుడ్డ లాగండి. రెక్సిన్ సంచిలో మాత్రం దాచకండి. అది తేమను లోపలే బంధిస్తుంది.

సాల్వెంట్ కొరియర్‌లో తెప్పిస్తే మంట అంటుకునే ద్రవమని వెనక్కి పంపేయవచ్చు. లైసెన్స్ ఉన్న ఆయుధాల దుకాణంలో అడగడం సులువు. వాడిన గుడ్డల్లో సీసం ఉంటుంది, పొయ్యిలో వేయకండి, చేతులు సబ్బుతో కడుక్కోకుండా అన్నం ముట్టకండి.

ఆ ఎరుపు తుప్పే అని తేలి, తుడిచాక కూడా గుంటలు కనిపిస్తే పేల్చకుండా లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌కి చూపించండి. అందుకోసం పార్వతీపురం వైపో శ్రీకాకుళం వైపో తీసుకెళ్లాలనుకుంటే, మీ లైసెన్స్ ఒడిశా వరకేనా, ఆంధ్రలోనూ చెల్లుతుందా అన్నది బయల్దేరే ముందే చూసుకోండి.