పాత కెమెరాలో ఊడిన అద్దం: నేనే అతికించుకోవచ్చా?

ప్రశ్న: సార్, నా దగ్గర పదిహేనేళ్ల కిందటి డీఎస్ఎల్ఆర్ ఉంది. మొన్న ఫొటో తీస్తుంటే లోపల టక్ మని ఏదో పడినట్టు శబ్దం వచ్చి వ్యూఫైండర్‌లో (కన్ను పెట్టి చూసే చోట) ఏమీ కనబడకుండా పోయింది, లెన్స్ తీసి చూస్తే అద్దం ఊడి కింద పడుంది. ముక్కలవలేదు గానీ ఒక మూల చిన్న పెచ్చు లేచింది, తీసేటప్పుడు నా వేలు తగిలి మచ్చ కూడా పడింది. ఈ మోడల్‌కి పార్టులు రావట్లేదని సర్వీస్ సెంటర్ వాళ్లు వెనక్కిచ్చేశారు. నేనే అతికించుకోవచ్చా, లేకపోతే మామూలు అద్దం ఆ సైజుకి కోయించి పెట్టుకోవచ్చా? నాన్న కొనిచ్చిన కెమెరా, పారేయబుద్ధి కావట్లేదు.

జవాబు: పారేయకండి, అతికించుకోవచ్చు. అద్దం ముక్కలవకుండా దొరికిందంటే సగం పని అయిపోయినట్టే. ముందు కెమెరా ఆఫ్ చేసి బ్యాటరీ తీసేయండి, పనిచేస్తుందేమో చూద్దామని షట్టర్ మాత్రం నొక్కొద్దు, ఎందుకంటే ఆ లేచిన పెచ్చు ఇంకా లోపలే ఉండొచ్చు, షట్టర్ రేకులు చాలా పల్చగా ఉంటాయి, గాజు ముక్క తగిలిందంటే అప్పుడు నిజంగానే కెమెరా పోయినట్టు. కెమెరాని బోర్లించి, గాలి బుడ్డితో ఊది ఆ ముక్క బయటికి రప్పించండి. ఇలా ఊడటం మీ ఒక్కరికే జరగలేదు, గమ్ము పాతబడితే పట్టు పోతుంది, 2005లో వచ్చిన కానన్ 5డీలో ఇది బాగా తెలిసిన సమస్యే, కంపెనీయే నోటీసు ఇచ్చి ఉచితంగా బాగుచేసింది.

మూల పెచ్చు గురించి, వేలి మచ్చ గురించి దిగులు పెట్టుకోకండి. ఫొటో తీసే క్షణంలో అద్దం పైకి లేచిపోతుంది కాబట్టి దాని మీద గీత ఉన్నా మచ్చ ఉన్నా ఫొటోలో పడదు, వ్యూఫైండర్‌లో కనిపిస్తుంది అంతే. అసలు ప్రమాదం ఆ మచ్చని తుడవడంలో ఉంది. ఇంట్లో అద్దాలకి పూత గాజు వెనక ఉంటుంది, దీనికి ముందువైపే ఉంటుంది, గుడ్డ పెట్టి రుద్దితే పూతే లేచొస్తుంది. గాలి ఊది వదిలేయండి.

మామూలు అద్దం మాత్రం వద్దే వద్దు. వెనక పూత ఉన్న అద్దం పెడితే బొమ్మ రెండుగా కనిపిస్తుంది, మందం తేడా వస్తే ఫోకస్ కూడా తప్పుతుంది. అంతకంటే పెద్ద సంగతి, మీ అద్దం మధ్యభాగం కొంత వెలుతురుని లోపలికి పోనిస్తుంది, వెనకున్న చిన్న అద్దం ఆ వెలుతురుని కింద ఉన్న ఆటోఫోకస్ సెన్సర్ మీదకి పంపిస్తుంది. మామూలు అద్దం పెట్టారంటే ఆటోఫోకస్ ఆగిపోయినట్టే. ఎప్పుడైనా మార్చాల్సి వస్తే అదే మోడల్ పాడైన కెమెరా నుంచి తీసిన అద్దమే పెట్టాలి.

ఇక అతికించడం. సూపర్ గ్లూ వాడొద్దు, ఆరేటప్పుడు దాని ఆవిరి అద్దం మీదా పైన ఫోకసింగ్ స్క్రీన్ (వ్యూఫైండర్‌కి బొమ్మ పడే పలక) మీదా తెల్లటి పొరలా పడుతుంది. రెండు ట్యూబులు కలిపి వాడే ఇపాక్సీ, అందులోనూ నెమ్మదిగా ఆరే రకం తీసుకోండి, అద్దం సర్దుకోవడానికి టైమ్ ఉంటుంది. ఫ్రేమ్ మీద, అద్దం వెనక పాత గమ్ము ఎక్కడుందో ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుని, దాన్ని మెల్లగా గీకి, దూది పుల్లకి కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి, అద్దం మెరిసే వైపుకి అది పోకూడదు. తర్వాత పాత గమ్ము ఉన్నచోటే గుండుసూది మొనతో చిన్న చిన్న చుక్కలు పెట్టండి. ఎక్కువైతే అద్దం ఎత్తుగా కూర్చుంటుంది, లేదా గమ్ము పక్కకి కారి వెనక చిన్న అద్దాన్ని పట్టేస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, అద్దం 45 డిగ్రీల వాలులో కూర్చుంటుంది, కెమెరాని నిలబెట్టి అతికిస్తే ఆరేలోపు జారుతుంది. అందుకని లెన్స్ పెట్టే నోరు ఏటవాలుగా పైకి చూసేలా కెమెరాని 45 డిగ్రీలు వెనక్కి వాల్చి పుస్తకాల దొంతర మధ్య ఆనించండి, అప్పుడు అద్దం నేలకి సమంగా ఉండి దాని బరువుకి అదే సర్దుకుంటుంది. నోటి మీద మూత బిగించకుండా దుమ్ము పడకుండా పైన ఏదైనా అడ్డం పెట్టి ఒక రోజంతా కదపొద్దు. ఇదంతా లెన్స్ నోట్లోంచే అయిపోతుంది, ఒక్క స్క్రూ కూడా విప్పక్కర్లేదు, విప్పొద్దు కూడా, ఫ్లాష్ కెపాసిటర్‌లో బ్యాటరీ తీశాక కూడా గట్టిగా షాక్ కొట్టేంత కరెంట్ నిలవుంటుంది.

ఆరాక ట్రైపాడ్ మీద పెట్టి అచ్చు ఉన్న కాగితాన్ని అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి మూడుసార్లు తీయండి: వ్యూఫైండర్‌లో చూస్తూ చేత్తో ఫోకస్ చేసి ఒకసారి, వ్యూఫైండర్‌లోనే ఆటోఫోకస్‌తో ఒకసారి, లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద చూస్తూ) ఫోకస్ చేసి ఒకసారి. మూడూ ఒకేలా స్పష్టంగా ఉంటే అద్దం సరిగ్గా కూర్చున్నట్టు. ఆటోఫోకస్‌తో తీసినదాంట్లోనే కొద్దిగా తేడా ఉంటే మెనూలో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ (ఆటోఫోకస్ తేడాని సరిచేసే సెట్టింగ్) ఉందేమో చూసి దానితో సరిచేసుకోండి. బాగా తేడా వస్తే మళ్లీ ఊడదీసే ప్రయత్నం చేయకండి, లైవ్ వ్యూలో వాడుకోండి, అందులో ఫోకస్ నేరుగా ఫొటో తీసే సెన్సర్ మీదే జరుగుతుంది కాబట్టి నాన్నగారి కెమెరా మునుపటిలాగే ఫొటోలు తీస్తుంది.