క్యాన్సర్ వార్డులో నర్సుగా చేరిన మేనకోడలికి

విశాఖపట్నం, పెదవాల్తేరు

చిరంజీవి మేనకోడలికి, నీ అత్త ఆశీర్వదించి వ్రాయునది.

రొమ్ము క్యాన్సర్ వార్డులో నీకు డ్యూటీ పడిందని మీ నాన్న ఫోనులో చెప్పాడు. సూది వేయడం, సెలైన్ ఎక్కించడం నీకు నేను చెప్పవలసిన పని లేదు. ఈ ఊళ్లో ముప్ఫై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేసినా నాకు ఆలస్యంగా తెలిసివచ్చిన సంగతి ఒకటుంది. రోగి శరీరంలో ఏ మార్పు రాబోతున్నా, అది రాకముందే ఆమెకు చెప్పి ఉంచాలి.

డాక్సోరుబిసిన్ అనే కీమో మందును రోగులు ఎర్ర మందు అంటారు. అది ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. వార్డు కిక్కిరిసిన ఒకరోజు, శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వచ్చిన ఒకావిడకు ఈ మాట చెప్పడం మరచిపోయాను. ఇంటికి వెళ్లాక ఆమె అది రక్తమే అనుకొని, మందు లోపలి పేగులను కోసేస్తున్నదని బెదిరిపోయి, రెండో విడతకు రాలేదు. మళ్లీ వచ్చేసరికి నాలుగు నెలలు గడిచాయి, చంకలో గడ్డలు పెరిగాయి. ఆ తప్పు నాదే. అటుపైన ఆ మందు కట్టే ముందు ప్రతి ఒక్కరికీ చెప్పి, విన్నది మళ్లీ నాకు చెప్పమని అడిగేదాన్ని.

మందు ఎక్కుతున్నప్పుడు సూది దగ్గర ఏమాత్రం మంటగా ఉన్నా, మొహమాటపడకుండా వెంటనే పిలవమని చెప్పు. మన ఆడవాళ్లు సిస్టర్‌ను విసిగించకూడదని ఓర్చుకుంటారు. ఎర్ర మందు నరం బయటికి పోతే కండ కుళ్లుతుంది. వెంటనే మందు ఆపి, నరంలో పెట్టిన సన్న గొట్టం, అదే కాన్యులా, పీకేయకుండా దానిలోంచే వచ్చినంత మందు వెనక్కి లాగి, డాక్టరుకు కబురు చేసి, చల్లటి ప్యాక్ పెట్టు. వేడి కాపడం పెట్టకూడదు.

కీమో తర్వాత సుమారు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు తెల్లకణాలు బాగా తగ్గుతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే పారాసిటమాల్ వేసుకొని తెల్లవార్లూ చూడకూడదు, అర్ధరాత్రయినా ఆసుపత్రికి రావాలి. గాజువాకలో ఉన్నవారికి ఇంతే చెబితే చాలు. పాడేరు నుంచి వచ్చినవారికి చాలదు: రాత్రిపూట ఘాట్ రోడ్డు ఎలా దిగుతారు, ఎవరు తోడు వస్తారు, దగ్గరలో ఏ ఆసుపత్రి ఉంది అన్నవన్నీ అడిగి తెలుసుకొని, కీమో కాగితాలు ముందుగా చూపించమని ఇంటివారికి కూడా చెప్పాలి. థర్మామీటరు కొనిపించకుండా పంపకు.

జుట్టు మొదటి విడత తర్వాత రెండు మూడు వారాలకు ఊడుతుంది. సింహాచలం అప్పన్నకు తలనీలాలు ఇచ్చాననుకుంటానని ఒకామె నవ్వింది. ఆ మాట ఆమె అనుకోవాలి గాని మనం అనకూడదు.

ఇక ఆపరేషన్ సంగతి. గాయంలో ఊరే నీరు బయటికి పోవడానికి పక్కన డ్రెయిన్ గొట్టం ఉంటుందని ముందే చూపించు. ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో రోజూ ఒకే వేళకు రాయి. సాధారణంగా రోజుకు 30 కన్నా తగ్గాక సర్జన్ తీయిస్తారు. కుట్లు తెగుతాయన్న భయంతో చాలామంది ఆపరేషన్ అయిన వైపు చేతిని పొట్టకు అదిమి పట్టుకొని ఉంటారు. మర్నాటి నుంచే వేళ్లు, మణికట్టు, మోచేయి ఆడించమను. సర్జన్ అనుమతించాక గోడ మీద వేళ్లతో పైకి పాకించాలి. భుజం బిగుసుకుపోతే, తర్వాత కరెంటు, అంటే రేడియేషన్, పెట్టేటప్పుడు చేయి తలపైకి ఎత్తి పడుకోలేరు.

చంకలో గ్రంథులు తీసినవారికి చేతి వాపు కొన్ని నెలలకే రావచ్చు, ఏళ్ల తర్వాతా రావచ్చు. అందుకే ఆపరేషన్‌కు ముందే రెండు చేతులనూ మోచేతికి పైన, కింద ఒకే దూరంలో కొలిచి రాసిపెట్టు. తర్వాత రెండు సెంటీమీటర్ల తేడా కనిపిస్తే డాక్టరుకు చూపించాలి. ఇంటి దగ్గర టేపు పట్టుకొని ఎవరూ కూర్చోరు గనుక, గాజులు బిగుతవుతున్నాయేమో చూసుకోమను. జాలరిపేట ఆడవాళ్లకు ఇంకొకటి చెప్పాలి: చేపలు కోసేటప్పుడు ఆ చేతికి ముల్లు గుచ్చుకుంటే సబ్బుతో కడగాలి, ఎర్రబడి వేడెక్కితే ఆగకుండా రావాలి.

రోగికి క్యాన్సరని చెప్పవద్దని బంధువులు నిన్ను పక్కకు పిలిచి బతిమాలుతారు. వారితో వాదించకు, వారి తరఫున అబద్ధమూ ఆడకు. ఆమెకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో ఆమెనే అడిగి డాక్టరుకు చెప్పు. మొదటిసారి కట్టు విప్పేటప్పుడు తెర వేసి, చూస్తావా అని అడుగు. వద్దంటే మర్నాడు మళ్లీ అడుగు. భర్త ఉండాలో వద్దో కూడా ఆమె ఇష్టమే.

నేను వాడిన దర్జీ టేపు బీరువాలోనే ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు పట్టుకెళ్లు.

ఇట్లు
నీ మేనత్త