ఎర్ర నీళ్లు చూసి తొందరపడకు

చిరంజీవి అమ్మాయికి, ఒంగోలు నుంచి పెదనాన్న ఆశీస్సులు.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఆర్కియా (బ్యాక్టీరియాలాగే కనిపించినా వేరే శాఖకు చెందిన సూక్ష్మజీవులు) కణపొరల్లోని కొవ్వులను ఎంచుకున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం కలిగింది. ఉప్పును ఇష్టపడి నీళ్లను ఎర్రబరిచే ఆర్కియా నమూనాల కోసం నువ్వు దూరాలు పోనక్కర్లేదు. మీ నెల్లూరు జిల్లాలోనే ఇస్కపల్లి ఉప్పు కొఠార్లు ఉన్నాయి, మా వైపు వస్తే కనుపర్తి ఉంది. ఎండాకాలంలోనే వెళ్లు. అక్టోబరు దాటితే ఈశాన్య రుతుపవనాల వానలకు మడుల్లో నీళ్లు పలచబడిపోతాయి. ఉప్పు గింజ కట్టే మడిలోని నీళ్లే తీసుకో. ఉప్పు రైతును అడగకుండా గట్టు దిగవద్దు, అది వాళ్ల పంట. ఏ మడి ఎప్పుడు ఎర్రబడుతుందో వాళ్లనే అడుగు.

అయితే ఆ ఎరుపు చూసి ఆర్కియా దొరికిందని నోటుబుక్కులో రాసేయకు. ఉప్పు నీళ్లలో పెరిగే డునాలియెల్లా అనే శైవలం కూడా ఎరుపు తెస్తుంది. 2002లో పేరు పెట్టిన సాలినిబాక్టర్ రూబర్ రంగులోనూ, ఉప్పు ఆకలిలోనూ ఆర్కియాను పోలినా అసలుకు బ్యాక్టీరియా. ఎవరు ఎవరో కణపొరే తేల్చాలి.

సముద్రపు నీటిలో ఉప్పు 3.5 శాతం ఉంటే, నువ్వు కణాలను పెంచే మాధ్యమంలో 20 నుంచి 25 శాతం ఉండాలి. వాటికి ఆహారంగా వేసే పెప్టోన్ కొనేటప్పుడు అందులో పైత్య లవణాలు లేవని చూసుకో. ఉంటే హాలోబ్యాక్టీరియం (పేరు ఎలా ఉన్నా ఇది ఆర్కియానే) కణాలు పగిలిపోతాయి, నువ్వేమో పెరగడం లేదని బాధపడతావు. ఆంపిసిలిన్ అనే యాంటీబయోటిక్ కలిపితే చాలా బ్యాక్టీరియా ఆగిపోతుంది. అది దెబ్బతీసేది బ్యాక్టీరియా గోడలోని పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థం తయారీని; ఆర్కియా గోడలో అది లేదు కాబట్టి వాటికేమీ కాదు. ప్లేట్లు ఎండిపోకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి, 37 నుంచి 40 డిగ్రీల దగ్గర పెట్టి, వారం రెండు వారాలు ఓపిక పట్టు. కణాలను కడిగేటప్పుడు మంచినీళ్లు వాడావా, అంతా పోయినట్లే. అదే గాఢత ఉన్న ఉప్పునీటితోనే కడగాలి.

కొవ్వులు తీయడానికి బ్లై, డయర్ 1959లో చెప్పిన పద్ధతి చాలు: క్లోరోఫాం, మిథనాల్, నీరు 1:2:0.8 పాళ్లలో. గాజు గొట్టాలే వాడు, ప్లాస్టిక్ అయితే అందులోంచి కరిగినవి కూడా, కొవ్వులను విడదీసే నీ సిలికా ప్లేటు మీద మచ్చలై కనిపిస్తాయి. పొగలు పీల్చే అల్మారా (ఫ్యూమ్ హుడ్) లోపల తప్ప క్లోరోఫాం మూత తీయకు. ఆ తర్వాత నాకు చాలా ఇష్టమైన పరీక్ష ఒకటుంది. కొవ్వుల్లో కొంత భాగాన్ని మిథనాల్‌లో పలచని క్షారంతో చర్య జరిపి, చర్య జరపని భాగం పక్కనే సిలికా ప్లేటు మీద నడిపించు. బ్యాక్టీరియా కొవ్వుల్లో గొలుసులను గ్లిసరాల్‌కు కలిపే ఎస్టర్ బంధాలు తెగి వాటి మచ్చలు మాయమవుతాయి. ఆర్కియావి ఈథర్ బంధాలు, అవి తెగవు. పక్కన ఈ. కోలి అనే బ్యాక్టీరియా కొవ్వులను కూడా నడిపిస్తే పోలిక కళ్లెదుటే ఉంటుంది. 1960లలో కెనడాలో మోరిస్ కేట్స్ బృందం హాలోబ్యాక్టీరియంలో ఈ ఈథర్ కొవ్వులను గుర్తించింది. కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ ఆర్కియాను వేరు శాఖగా చూపింది 1977లో. అంటే సాక్ష్యం ముందే వచ్చింది, దాని అర్థం తర్వాత తెలిసింది.

ఇక పరిణామం మీద నువ్వు రాసే అధ్యాయం గురించి. వేడికీ ఉప్పుకూ తట్టుకోవడానికే ఈథర్ బంధం వచ్చిందని రాయవద్దు. చల్లని సముద్రంలో బతికే ఆర్కియాకూ అదే బంధం ఉంది. అసలు లోతైన తేడా కొవ్వు అణువుకు వెన్నెముక లాంటి గ్లిసరాల్‌లో ఉంది. ఆర్కియా వాడేది గ్లిసరాల్-1-ఫాస్ఫేట్, బ్యాక్టీరియా వాడేది గ్లిసరాల్-3-ఫాస్ఫేట్. కుడి చేతికీ ఎడమ చేతికీ ఉన్న తేడా లాంటిదే ఇది, ఒకటి రెండోదానికి అద్దంలో ప్రతిబింబం. రెండింటినీ తయారుచేసే ఎంజైములకు చుట్టరికం లేదు. మరి అన్ని జీవులకూ పూర్వీకుడైన కణానికి ఏ పొర ఉండేది?

అసలు కొవ్వు పొరే లేదని కొందరు అన్నారు. నాకు అది నచ్చదు. కణానికి శక్తినిచ్చే ఏటీపీని తయారుచేసే యంత్రం పొరలో ఇమిడి ఉంటుంది, దాని బంధువులు రెండు శాఖల్లోనూ ఉన్నాయి. రెండు రకాలు కలిసిన పొర ఉండేదనీ, అది నిలకడగా లేక రెండుగా విడిపోయిందనీ 2003లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త వాఖ్టర్స్‌హాయిజర్ ప్రతిపాదించాడు. అయితే 2018లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ఈ. కోలి కణపొరలో దాదాపు 30 శాతం దాకా ఆర్కియా కొవ్వులు చేర్చినా అది చక్కగా పెరిగింది. కలిసిన పొర బతకదనే మాట అక్కడ బలహీనపడింది. ఇంత ప్రాథమికమైన ప్రశ్న ఇంకా తెరిచే ఉండటం నీ అదృష్టం, దాన్ని దాచకుండా అలాగే రాయి.

మన కణాల సంగతి ఇంకా వింత. 2015లో ఆర్కిటిక్ సముద్రపు బురదలో దొరికిన లోకీఆర్కియా అనే ఆర్కియా వంటివి మనకు దగ్గరి బంధువులని జన్యువులు చెబుతున్నాయి, మన కణపొర మాత్రం బ్యాక్టీరియా తరహాది. ఈ మార్పు ఎలా జరిగిందో ఒక్క పేరా రాస్తే చాలు, అక్కడే ఎక్కువసేపు తిరగకు. నీ బలం నీ ప్లేటు మీది మచ్చలు.

మొదటి ప్లేటు నడిపిన రోజు ఫొటో నాకు ఫోనులో పంపు. క్షారంతో చర్య జరిపిన వరుస, జరపని వరుస రెండూ కనిపించాలి.

ప్రేమతో,
పెదనాన్న