అప్పు తెచ్చి వేసిన కానుక విశ్వాసమవుతుందా?

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు నామములో వందనములు. నా భర్త ప్రభువునందు నిద్రించి నాలుగేళ్లయింది. ఇద్దరు పిల్లలతో కుట్టుమిషను మీద బ్రతుకుతున్నాను. మా మందిర నిర్మాణం కోసం పెట్టిన కూటాలకు బయటినుంచి వచ్చిన ఒక ప్రసంగీకులు, "చేతిలో లేకపోయినా విశ్వాసంతో మాట ఇవ్వండి, దేవుడు నూరంతలుగా తిరిగి ఇస్తాడు" అన్నారు. నేను ఇరవై వేలు ఇస్తానని అందరి ముందూ చెయ్యెత్తాను. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని ఐదు వేలు కట్టాను. మిగిలినదానికి ఇంకో అప్పు అడుగుదామంటే పెద్దమ్మాయి ఇంటర్ ఫీజు ఎదురుగా నిలబడి ఉంది. ముందు ఫీజు కడితే దేవుణ్ణి నమ్మనట్టేనా? బీద విధవరాలు తన జీవనమంతా వేసింది కదా, నేనెందుకు వెనకాడుతున్నాను? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, ప్రకాశం జిల్లా

జవాబు: సోదరీ, ముందు మీకు నిద్ర పట్టాలి కాబట్టి చెప్పవలసిన మాట మొదటనే చెబుతున్నాను. రెండో అప్పు చేయకండి. అమ్మాయి ఫీజు కట్టండి. ఆ తరువాత మీ కాపరిగారిని కలిసి, ఇచ్చిన మాటనూ ఇంటి పరిస్థితినీ ఉన్నదున్నట్టు చెప్పండి. తన ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసికన్న చెడ్డవాడని పౌలు తిమోతికి రాశాడు. బిడ్డ చదువుకు డబ్బు కట్టే తల్లి దేవుని సొమ్ము దొంగిలించినట్టు ఎలా అవుతుంది?

మీరు తలచుకున్న ఆ విధవరాలి దగ్గరకే వెళ్దాం. మార్కు సువార్త 12వ అధ్యాయంలో ఆమె వేసిన కాసులు ఆనాటి నాణేలన్నిటిలోకీ చిన్నవి. ఒక దేనారము ఒక రోజు కూలి. ఆమె వేసిన రెండు కాసులూ కలిపితే అందులో 64వ వంతు. ఈనాటి కూలి 640 రూపాయలనుకుంటే ఆమె వేసినది పది రూపాయలన్నమాట. అయితే ఆ పది రూపాయలూ ఆమెవే. ఎవరి దగ్గరా చేబదులు తెచ్చినవి కావు, ఎవరూ ఆమె చేత చెయ్యెత్తించలేదు, వేస్తే ఇంతకింత వస్తుందని ఎవరూ ఆశ చూపలేదు. ప్రభువు కూడా శిష్యులను పిలిచి ఆమెను గురించి చెప్పాడే గాని, ఆమెతో మాట్లాడినట్టు సువార్తలో ఎక్కడా లేదు. తనను చూసినవాడొకడున్నాడని తెలియకుండానే ఆమె ఇల్లు చేరి ఉంటుంది. పైగా ఈ సంగతికి సరిగ్గా ముందు, విధవరాండ్ర ఇండ్లు దిగమింగే శాస్త్రులను గూర్చి ప్రభువు హెచ్చరించాడు. ఆ హెచ్చరికను దాటవేసి రెండు కాసులను మాత్రమే ప్రసంగించడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

నూరంతల మాట కూడా అలాంటిదే. మార్కు 10వ అధ్యాయంలో ప్రభువు ఆ వాగ్దానం చేసినది సువార్త నిమిత్తం ఇంటినీ అన్నదమ్ములనూ భూములనూ విడిచినవారికి; ఆ వాక్యంలోనే "హింసలతో పాటు" అనే మాట కూడా ఉంది. ఇక పదియవ భాగం తెమ్మన్న మలాకీ 3:10ని తీసుకుంటే, "నా మందిరములో ఆహారముండునట్లు" అని అక్కడ కారణం రాసి ఉంది. ఆ ఆహారం ఎవరికి? ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం ప్రకారం మూడేసి సంవత్సరాలకొకసారి పదియవ భాగం లేవీయులకూ పరదేశులకూ తండ్రిలేనివారికీ విధవరాండ్రకూ చెందాలి. అంటే, సోదరీ, మీలాంటివారు తిని తృప్తిపొందాలని ఏర్పడిన కానుక అది. దాని పేరు చెప్పి మీ చేత అప్పు చేయించడం వాక్యాన్ని తలకిందులు చేయడమే.

దేవుణ్ణి పూర్తిగా నమ్మడమంటే ఏమిటో మన జిల్లాల చరిత్రలోనే ఒక నిదర్శనం ఉంది. 1876-78 మధ్య వచ్చిన పెద్ద కరవులో ఒంగోలులోని బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ గారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పనిని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి కల్పించారు. అప్పుడే ఎంతోమంది బాప్తిస్మం అడిగారు. గంజి కోసం వచ్చారనే మాట రాకూడదని, సహాయం సాగుతున్నంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. సహాయం ఆగిపోయాక, ఇక ఇవ్వడానికేమీ లేదని తెలిసీ వారు తిరిగి వచ్చారు. 1878 జూలై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగవాడల కూలిజనం. ఏమీ రాదని తెలిసీ ఏటి ఒడ్డున వరుసలో నిలబడ్డ ఆ మనుషుల నమ్మకాన్ని తలచుకున్నప్పుడల్లా నా కళ్లు చెమ్మగిల్లుతాయి. ఇంత వేస్తే ఇంత వస్తుందనే లెక్కతో ఇచ్చేది పందెం. పందెంలో మనం నమ్ముకునేది దేవుణ్ణి కాదు, వచ్చే సొమ్మును.

మాసిదోనియ సంఘాలు శక్తికి మించి ఇవ్వలేదా అని మీరు అడగవచ్చు. ఇచ్చారు, నిరుపేదలై ఉండీ ఇచ్చారు. కానీ "తమంతట తామే" ఇచ్చారని, అంతకు ముందు తమ్మును తామే ప్రభువుకు అప్పగించుకున్నారని పౌలు సాక్ష్యమిచ్చాడు. ఆ సంగతి చెప్పిన 2 కొరింథీయులకు 8వ అధ్యాయంలోనే కొరింథీయులకు "శక్తికి మించి కాదు గాని కలిమి కొలదియే" ఇచ్చినది ప్రీతికరమని రాశాడు. ఒకరు ప్రేమ పొంగి తమంతట తాము ఇచ్చినదానిని చూపించి, ఇంకొకరి మెడమీద కాడి పెట్టే హక్కు అపొస్తలుడే తీసుకోలేదు.

మొక్కుకున్నాను గదా అనే భయం మిమ్మల్ని ఎక్కువగా వేధిస్తున్నదని అనుకుంటున్నాను. మొక్కుకున్నది ఆలస్యం చేయక చెల్లించమనే ప్రసంగి 5వ అధ్యాయం ఆ భయం పుట్టించేదే. తొందరపడి మాట ఇచ్చినందుకు ప్రభువు ఎదుట ఒప్పుకోండి. అయితే మొక్కుబడి వెల చెల్లించలేనంత బీదవాడు యాజకుని ఎదుటికి రావాలనీ, యాజకుడు అతని కలిమి చొప్పున వెల నిర్ణయించాలనీ లేవీయకాండము 27:8లో దేవుడే ఏర్పాటు చేశాడు. మీ కాపరిగారి దగ్గరకు వెళ్లమన్నది అందుకే. ప్రసవం తరువాత అర్పణగా గొర్రెపిల్లను తేలేని తల్లికి రెండు గువ్వలు చాలునన్న ధర్మశాస్త్రం ప్రకారమే, మరియ, యోసేపు బాలయేసును ఎత్తుకుని దేవాలయానికి వెళ్లారు. గువ్వలు తెచ్చినవారి ఒడిలోనే రక్షకుడు ఉన్నాడు.

అలాగని, కష్టాలు తీరేదాకా ఏమీ ఇవ్వనక్కరలేదని చెప్పి మిమ్మల్ని పంపించలేను. కష్టాలు తీరిన రోజంటూ రాదు, సోదరీ. మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న పాత డాల్డా డబ్బాలో వేసేది. గిన్నెలో బియ్యం తక్కువగా ఉన్న రోజున పిడికిలి చిన్నదయ్యేది గాని, చెయ్యి మాత్రం ఆగేది కాదు. ఆదివారం బల్ల ముందున్న గంపలో స్త్రీలందరూ పోసిన బియ్యం కలిసి, దొడ్డువీ సన్నవీ, తెల్లవీ ఎర్రవీ, నూకలతో సహా ఒక్క రాశి అయ్యేది. కాపరి కుటుంబం తిన్నది అదే, ఊళ్లో దిక్కులేని ముసలివాళ్లకు వెళ్లినదీ అదే. మిజోరంలో 1910లో స్త్రీలు మొదలుపెట్టిన పిడికెడు బియ్యం కానుక ఈనాటికీ అక్కడి సంఘాన్ని పోషిస్తున్నది. 1903లో తిరునెల్వేలి విశ్వాసులు సొంత కానుకలతో ఇండియన్ మిషనరీ సొసైటీని నిలబెట్టి, భాష తెలియని మన దోర్నకల్ ప్రాంతానికి మిషనరీలను పంపారు. వారి తరువాత వచ్చిన అజరయ్యగారే 1912లో దోర్నకల్ బిషప్పు అయ్యారు.

కాబట్టి కుట్టుకూలి చేతికి వచ్చిన రోజునే, ఖర్చులు మొదలుకాకముందే, మీ మనస్సులో నిశ్చయించుకున్నంత తీసి పక్కన పెట్టండి. అది ఇరవై రూపాయలైనా సరే. మిగిలినదానితో నెల గడుస్తుందా అన్న బెంగను ఆయనకు అప్పగించి ఇవ్వండి. పూర్ణహృదయముతో నమ్మడం అక్కడ అభ్యాసమవుతుంది. మొదటి అప్పు తీరేవరకు దాని వాయిదాలు తప్పకుండా కట్టండి, అదీ దేవుని ఎదుట నమ్మకత్వమే.

ప్రశ్న: మా సంఘంలో ప్రతి నెలా కానుకలు ఇచ్చినవారి పేర్లు, మొత్తాలు చదివి వినిపిస్తున్నారు. ఇతరులకు ప్రోత్సాహమంటున్నారు. ఇది మంచి పద్ధతేనా?
– ఒక సంఘపెద్ద, ఖమ్మం జిల్లా

జవాబు: మంచిది కాదు. ఈ మాట నా తప్పు తెలిసి రాస్తున్నాను. సేవకు వచ్చిన కొత్తలో, కోతకాల పండుగనాడు నేనూ అలాగే చదివాను. వెయ్యి, ఐదు వందలు అంటూ వచ్చి, చివరగా ఒక కూలి తల్లి పేరు, పక్కన రెండు రూపాయలు చదివాను. వెనక వరుసలో ఎవరో నవ్వారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకుంది. ఆ తరువాత మూడు ఆదివారాలు గుడికి రాలేదు. నేను వాళ్లింటికి వెళ్లి క్షమాపణ అడిగితే, "మీరేం చేస్తారయ్యా, నా దగ్గర అంతే ఉంది" అంది. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాట ఎందుకు చెప్పబడిందో నాకు ఆ గుమ్మంలో అర్థమయింది.

మీరు చదివి వినిపించవలసినది వేరే ఉంది. మొత్తం ఎంత వచ్చింది, దేనికి ఎంత ఖర్చయింది, బీదలకు ఎంత వెళ్లింది అన్న లెక్కను నోటీసు బోర్డు మీద పెట్టండి. యెరూషలేము బీదల కోసం కూడిన చందాను పౌలు ఒంటరిగా మోయలేదు. ఎవరూ తప్పుపట్టకుండా సంఘాలు ఏర్పరచిన మనుషులను వెంటబెట్టుకున్నాడు.

ప్రశ్న: నా భర్త ప్రభువును ఎరుగరు. ఇంటిఖర్చు డబ్బులో మిగిల్చి ఆయనకు తెలియకుండా కానుక వేస్తున్నాను. తప్పా?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: మీ కష్టార్జితంలోనుండి ఇస్తే ఆ స్వేచ్ఛ మీది. ఆయన ఇంటికని నమ్మి మీ చేతికిచ్చిన డబ్బు సంగతి వేరు. అందులో రహస్యం పెట్టకండి. ఆయనకు బయటినుంచి తెలిసిన రోజున మీమీదే కాక మీ ప్రభువుమీద కూడా ఆయనకు అనుమానం కలుగుతుంది. అడగండి. ఒప్పుకోకపోతే, కొన్నాళ్లు డబ్బు లేకుండానే ఇవ్వండి: రోగుల దగ్గర కూర్చోండి, ఆదివారపు బడి పిల్లలకు పాఠం చెప్పండి. ఆయన ఎప్పుడైనా పది రూపాయలు మీ చేతికిచ్చి "నీ గుడిలో వెయ్యి" అంటే, ఆ నోటును మార్చకుండా అదే తీసుకెళ్లి సంచిలో వేయండి.