పెరోవ్‌స్కైట్ సోలార్ ప్యానెళ్ల కోసం ఆగాలా?

పర్లాకిమిడిలో డాబా మీద సోలార్ పెట్టించాలి, పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థంతో చేసే కొత్త ప్యానెళ్లు వచ్చేదాకా ఆగాలా అని అడిగారు. ఆగొద్దండి. ఇప్పటి ప్యానెళ్లలో వాడే సిలికాన్‌ను 1,414 డిగ్రీల దగ్గర కరిగించి స్ఫటికంగా పెంచాలి, పెరోవ్‌స్కైట్‌నైతే ద్రావణంగా కలిపి గాజు మీద పల్చటి పూత వేసి 100-150 డిగ్రీల్లో ఆరబెడితే చాలు, అందుకే దీని గురించి అంత హడావిడి. 2009లో జపాన్‌లో శాస్త్రవేత్త మియాసకా బృందం దీంతో సోలార్ సెల్ చేసినప్పుడు 3.8 శాతమే ఉన్న, ఎండను కరెంటుగా మార్చే సామర్థ్యం ఇప్పుడు ల్యాబుల్లో 26 దాటింది. చిక్కల్లా మన్నికే. తేమ తగిలితే నల్లటి ఆ పూత విడిపోయి పసుప్పచ్చటి లెడ్ అయొడైడ్‌గా (సీసం, అయొడిన్ కలిసిన పదార్థం) మారిపోతుంది. మన గంజాం, గజపతి జిల్లాల ఉక్కపోత సంగతి మీకు నేను చెప్పాలా! సిలికాన్‌కైతే కంపెనీలు 25 ఏళ్ల వారంటీ ఇస్తున్నాయి. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చిన టాండెమ్ సెల్స్ ల్యాబుల్లో 34 శాతం దాటాయి, నన్నడిగితే మన డాబాల మీదికి ముందు వచ్చేవి అవే.