డయాలసిస్ ఫిస్టులా మళ్లీ సన్నబడితే: అది కొవ్వు కాదు

మణికట్టు ఫిస్టులాకి (డయాలసిస్ సూదుల కోసం సిరని ధమనికి కుట్టి చేసిన దారి) నాలుగు నెలల క్రితం సన్నబడినచోట వెడల్పు చేసే బెలూన్ వేశారు, ఇప్పుడు మళ్లీ వీనస్ ప్రెషర్ (యంత్రం నుంచి రక్తం ఒంట్లోకి తిరిగొచ్చే సూది వైపు ఒత్తిడి) అలారం మోగుతోంది, "నరం లోపలి పొర మందమైంది" అన్నారు, ఇది కొలెస్ట్రాలేనా, మందులతో కరుగుతుందా అని మీ అమ్మగారి గురించి అడిగారు.

కొలెస్ట్రాల్ కాదు. సిర (మనం వాడుకలో నరం అంటాం) నెమ్మదిగా పారే రక్తానికి అలవాటు పడ్డది. దాన్ని ధమనికి కుట్టాక నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం తోసుకొస్తుంది, కుట్టు దాటగానే సుడులు తిరుగుతుంది. దాంతో గోడ మధ్యపొరలోని కండర కణాలు లోపలి పొరలోకి చేరి పెరుగుతాయి, చుట్టూ పీచు పదార్థం కడతాయి. పుండు మానినచోట మచ్చ దళసరెక్కినట్టే. అందుకే కొలెస్ట్రాల్ మాత్రలకి కరగదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ మాత్ర కొత్త ఫిస్టులాలో గడ్డకట్టడాన్ని కొంత తగ్గిస్తుంది గానీ ఈ మందాన్ని ఆపదు.

అలారం మోగిన ప్రతిసారీ సిర సన్నబడినట్టు కాదు. ముందు సూది గోడకి ఆనిందా, ట్యూబు మడతపడిందా, రక్తం తిరిగొచ్చే ట్యూబు మధ్యలోని ఛాంబర్‌లో గడ్డ ఉందా చూడాలి. అవి లేకుండా, అదే సూది, అదే పంపు వేగంతో వరుసగా మూడు డయాలసిస్‌లలో ప్రెషర్ పెరుగుతూ వస్తే అడ్డు వీనస్ సూదికి పైన, అంటే గుండె వైపు ఉందనుకోవచ్చు. మణికట్టు ఫిస్టులాల్లో ఎక్కువగా సన్నబడేది మాత్రం కుట్టు పక్కనే. అక్కడైతే వీనస్ ప్రెషర్ పెరగదు, పంపుకి రక్తం చాలదు, ఆర్టీరియల్ ప్రెషర్ (రక్తాన్ని యంత్రంలోకి లాగే సూది వైపు ఒత్తిడి) మైనస్‌లోకి బాగా దిగుతుంది. కాబట్టి మీవాళ్లకి అడ్డు ఎక్కడుందో రక్త ప్రవాహాన్ని చూపే స్కాన్ డాప్లర్‌లో అడిగి తెలుసుకోండి.

ఇంట్లో రోజూ వేళ్లతో తాకి చూడాలి. బాగున్న ఫిస్టులా మెత్తగా, తుమ్మెద రొద చేసినట్టు జుమ్మంటుంది. అది పోయి నాడిలా గట్టిగా కొట్టుకుంటోందంటే పైన అడ్డు ఉంది. చెయ్యి తల మీదికి ఎత్తించండి: ఉబ్బిన సిర అణగాలి. ఒకచోట అణగి, దాని కింద, అంటే వేళ్ల వైపు, ఉబ్బే ఉంటే ఆ సరిహద్దు దగ్గరే తేడా. సూది తీశాక ఇరవై నిమిషాలు దాటినా రక్తం ఆగకపోవడం కూడా గుర్తే, అయితే డయాలసిస్ సమయంలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఎక్కువైనా అలా జరుగుతుంది.

బెలూన్ ఆ మందపు పొరని చీల్చి సాగదీస్తుంది. ఆ చీలికే కొత్త గాయం, కణాలు మళ్లీ పెరుగుతాయి. నాలుగు నెలలకే తిరిగి రావడం మామూలే, చేసినవాళ్ల తప్పనుకోవద్దు. కణాల పెరుగుదలని ఆపే పాక్లిటాక్సెల్ మందు పూసిన బెలూన్ కొందరిలో ఆ వ్యవధిని పెంచుతుంది, ఖరీదెక్కువ. పైగా ముందు మామూలు హై ప్రెషర్ బెలూన్‌తో పూర్తిగా తెరుచుకున్నాకే దాన్ని వాడాలి. అడ్డు కుట్టు పక్కనే ఉండి పదేపదే వస్తుంటే, కుట్టుని కొన్ని సెంటీమీటర్లు పైకి జరిపే ఆపరేషన్ గురించి సర్జన్‌ని అడగడం నా దృష్టిలో మేలు.

సూదులు రోజూ ఒకే గుంటలో కాకుండా నిచ్చెన మెట్లలా చోటు మార్చి గుచ్చమనండి. ఆ చేతికి బీపీ పట్టీ, గట్టి గాజులు వద్దు. డయాలసిస్‌లో నీరు మరీ ఎక్కువ తీసి బీపీ పడిపోతే, సన్నబడిన ఫిస్టులా ఆ రాత్రే గడ్డకట్టవచ్చు. జుమ్మనడం ఆగిపోతే నలపకండి, తర్వాతి డయాలసిస్ తేదీ దాకా ఆగకండి. అదే రోజు వెళ్లండి, 48 గంటలు దాటితే తెరవడం కష్టమవుతుంది. వెళ్లేటప్పుడు చివరి నాలుగైదు డయాలసిస్‌ల ప్రెషర్ షీట్లు వెంట తీసుకెళ్లండి.